నలభై ఒకటో నంబరు స్పంజి

అసాయెలి బావ కాలి కంపు గురించి ఊళ్ళో నేనొక్కణ్ణే పైకి మాట్లాడేవాణ్ణి. మిగతావాళ్ళు మర్యాదస్తులు. మేనత్త కొడుకుని ఏడిపించకపోతే మా వతులోమా ఊళ్ళో తప్పు పడతారు. పైగా నాకు అది తప్ప వేరే పని రాదు.

“బావా, నీ కాలి దెబ్బకి పీతలు కూడా ఊరు ఖాళీ చేస్తున్నాయి.”

“నీ మొహం చూసి పోతున్నాయిరా,” అనేవాడు చాప మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ.

ఆ కాలితోనే ముప్ఫయ్యేళ్ళు సముద్రంలో మునిగాడు. పగడపు దిబ్బ కింద ఒక చీకటి బొరియ ఉంది. అందులో నారింజరంగు స్పంజి పెరిగేది. ఒళ్ళు కోసుకుంటే దాని రసం పిండేవాళ్ళం, చీము పట్టేది కాదు. ఆ బొరియలోకి దూరి రాగల ఊపిరి బావకే ఉంది. అరచేతి మందం రాతికి వదిలేసి మిగతాది కోయాలని వాళ్ళ నాన్న నేర్పాడు. వదిలితేనే మళ్ళీ పెరుగుతుంది.

తర్వాత రాజధాని సువా నుంచి ల్యాబ్ వాళ్ళొచ్చారు. మందులకి లొంగని క్రిములు కూడా ఆ రసానికి చస్తున్నాయట. సీసా మీద నలభై ఒకటి అని నంబరు వేశారు. బావ ఆ నంబరుని రగ్బీ చొక్కా వెనక రంగుతో రాసుకుని ఊరేగాడు. నేను పక్కన ఒక సున్నా చేర్చాను. వారం దాకా చూసుకోలేదు పాపం.

మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు తిమింగలం పన్ను రెండు చేతులా పట్టుకుని, ఇంకా చాలా కావాలని అడిగారు. మా ఆచారం ఎవరు నేర్పారో! ఆ పన్ను అందుకున్నాక ఇక కాదనడానికి లేదు. బావ బస్తాలకి బస్తాలు తెచ్చిచ్చాడు. మందు తయారవడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుందని ఉత్తరమొచ్చింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

పోయిన ఏడాది బావ మడమ పగడానికి కోసుకుపోయింది. షుగరున్న ఒళ్ళు, మానలేదు. ఏ మందూ పనిచెయ్యట్లేదు, మోకాలి కింద తీసేస్తామన్నారు ఆసుపత్రిలో. మనకి స్పంజి ఉందిగా అని వాళ్ళావిడ తిమైమా అక్క ఇంటికి తీసుకొచ్చేసింది. సరిగ్గా ఆ వారమే ఊరిపెద్ద పోయాడు. పెద్ద పోతే వంద రాత్రులు దిబ్బ మూత, అక్కడ ఎవరూ నీళ్ళలో దిగకూడదు. గుర్తుగా కొబ్బరాకు కట్టిన కర్ర నీళ్ళలో పాతాల్సింది బావ వంశం వాళ్ళే. కుంటుకుంటూ వెళ్ళి తనే పాతాడు.

“వంద రోజులేగా. తెరవగానే వీడు తెస్తాడు,” అని అక్క నన్ను చూపించేది.

అరవయ్యో రోజుకి మడమ నల్లబడింది.

“నే పోయి తెస్తా బావా. పాస్టరుగారి కోళ్ళే ఎత్తుకొచ్చినవాణ్ణి, స్పంజెంత?”

“నే పాతిన కర్ర దాటావంటే తంతాను.”

“ఏ కాలితో?”

నవ్వలేదు. నా మాటకి బావ నవ్వకపోవడం అదే మొదలు.

ఆదివారం అందరూ చర్చిలో ఉండగా వెళ్ళాను. మూడుసార్లు మునిగితే గానీ బొరియలో తల పెట్టలేకపోయాను. లైటు వేసి చూస్తే ఉత్త రాయి. దాని నిండా కత్తి గీతలు. అరచేతి మందం కాదు కదా, గోరంత కూడా లేదు.

బావ నా తడి జుట్టు చూశాడు. “చూసొచ్చావా?”

“నువ్వేనా గీకేసింది?”

“మొదలంటా కావాలన్నార్రా. పన్ను పట్టుకుని అడిగితే ఏమనను?”

“మరి అక్కకి చెప్పలేదేం?”

“ఆశపడనీరా. మంగళవారం బస్సుకి ఆసుపత్రికి పోతున్నా. తెరిచేదాకా నేనాగలేకపోయానని చెప్పు. అక్కడేం లేదని మాత్రం అనకు.”

మోకాలి పైకే తీసేశారు.

వందో రోజు కర్ర పీకారు. ఊరంతా కేకలు వేసుకుంటూ పడవలెక్కింది. అక్క బుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

“కుట్ల దగ్గర మళ్ళీ చీము పడుతోందిరా. కాస్త ఎక్కువే తే.”

మెట్ల మీద కూర్చున్న బావ తల ఎత్తలేదు.

బొరియ మీదకి పోయి పడవ ఆపాను. చిన్నప్పట్నుంచీ నోరు తెరిస్తే అబద్ధాలే నాకు. ఆ రోజు ఒక్కటీ తోచలేదు. బుట్ట పట్టుకుని మునిగాను.