అయిదు నిమిషాల దూది

డాక్టర్ లక్ష్మీకాంత్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఆగడం.

గుంటూరులో ఆయన చెవి ఆపరేషన్లు చేస్తారు. పన్నెండేళ్లుగా నేను పక్కన నిలబడి సామాన్లు అందిస్తున్నాను. కోత పెట్టగానే నెత్తురు ఊరుతుంది. మైక్రోస్కోపులో ఒక్క చుక్క వరదలా కనిపిస్తుంది. అడ్రినలిన్‌లో తడిపిన దూది అక్కడ ఉంచితే రక్తనాళాలు ముడుచుకుని నెత్తురు ఆగుతుంది. ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటారు. అయిదు నిమిషాలు. మూడు నిమిషాలకే ఆగినా అయిదే.

ఆ అలవాటు థియేటర్ దాటి బయటికి పాకింది. కారు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు కదలరు. వెనక హారన్ కొట్టేవాళ్లు తిట్టి, అలిసి, మానేస్తారు. పెళ్లిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని అడిగితే ఆగారట. ఈలోగా ఆవిడే నచ్చాడని చెప్పేసింది.

ఒకసారి ఒంగోలు వైపు నుంచి ఎడ్ల బేరగాడు యలమందయ్య వచ్చాడు. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి చిల్లులే, ఏమీ వినపడదు. అయినా తనకు చెవులతో పనిలేదన్నాడు. సంతలో ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెబుతారు.

"పదేళ్లుగా నా తిట్లన్నీ గాలికి పోతన్నాయండీ," అంది భార్య సుబ్బరావమ్మ. "కొన్నన్నా చెవిన పడనియ్యండి."

దూది పెట్టినప్పుడు కదలకూడదని డాక్టరుగారు అయిదు వేళ్లు చూపించి మరీ చెప్పారు. యలమందయ్య తల ఊపాడు.

మత్తు చెవి వరకే. మనిషికి తెలివి ఉంటుంది. కుడిచెవి కోసి దూది పెట్టాక ఆ మందుకి యలమందయ్యకు గుండెదడ మొదలైంది. "నేను లేస్తన్నా," అని భుజం ఎత్తాడు. తల కదిలితే లోపలి బియ్యపుగింజంత ఎముకలు చెదురుతాయి. ఆ చెవి ఇక రాదు. పడుకోమని అరిచాను. వినబడితే కదా.

డాక్టరుగారు గ్లోవు ఊడదీశారు.

"సార్, మళ్లీ మొదట్నుంచీ చేతులు కడుక్కోవాలి."

"కడుక్కుంటాలే."

యలమందయ్య మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ కింద చెయ్యి దూర్చారు. కాసేపటికి డాక్టరుగారి ముఖం మారింది.

"జయకుమారీ, నా మూడు వేళ్లు పట్టుకున్నాడు."

"బేరమాడుతున్నాడు సార్. మీరెంతంటారు?"

"అయిదు," అని అయిదు వేళ్లూ అప్పజెప్పారు. గుడ్డ కదిలింది. "నాలుగంటున్నాడు."

"ఒప్పుకోండి సార్."

ఎమ్మెల్యే ఫోను చేసినా ఒక్క నిమిషం తగ్గని మనిషి. ఆలోచించి, నాలుగు వేళ్లు నొక్కారు. యలమందయ్య భుజం కిందికి దిగింది.

నాలుగు నిమిషాలయ్యాయి. అయిదూ అయ్యాయి. డాక్టరుగారు లేవలేదు.

"నెత్తురు ఆగే ఉంటుంది సార్."

"ఆగే ఉంటుంది. అతనింకా నా వేళ్లు వదల్లేదు."

గోడగడియారంలో పది నిమిషాలు గడిచాక నెమ్మదిగా చెయ్యి తీసుకుని, కడుక్కోవడానికి వెళ్లారు.

రెండు నెలలకు యలమందయ్య చూపించుకోవడానికి వచ్చాడు. వెనకనుంచి మెల్లగా పలకరించాను. తిరిగి చూసి నవ్వాడు. డాక్టరుగారి గది తలుపు వైపు ఓసారి చూసి, నా దగ్గరికి వంగాడు.

"మంచోడే తల్లీ. బేరం మాత్రం తెలవదు. నాలుగుకి ఒప్పుకుని పది ఇచ్చాడు."