మోగిన పెనాన్ని మూగదన్న అల్లాబక్షు

తోటపల్లి గూడూరు సెంటర్లో పాత ఇనుప సామాన్ల కొట్టు నడిపే అల్లాబక్షుకు ఒకటే జబ్బు. పోత ఇనుప పెనం కంటబడితే చాలు, దాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినకుండా ఉండలేడు. 'ణంగ్' మంటే పెనం బతికున్నట్టు. 'డుబ్' మంటే కంటికి ఆనని బీట ఎక్కడో ఉన్నట్టు. అలాంటి పెనం ఏదో ఒకరోజు పొయ్యి మీదే రెండు ముక్కలవుతుంది.

పెనం తనదే కానక్కర్లేదు. మేనకోడలు సుమయ్యకు సంబంధం చూడ్డానికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళారు. పెద్దలందరూ హాల్లో కూర్చుని పిల్లవాడి ఉద్యోగం గురించి గంభీరంగా మాట్లాడుకుంటుంటే, వంటింట్లోంచి ఒక చప్పుడు వినబడింది. వెంటనే అల్లాబక్షు గొంతు. "పిల్లోడు బాగుండాడు గానీ, దోసెల పెనం పగిలుండాదమ్మా!" సంబంధం ఎలాగో కుదిరింది. పెళ్ళికి అందరూ మిక్సీలు, గోడ గడియారాలు చదివిస్తే ఈయన అరవై ఏళ్ళ నాటి పెనం చదివించాడు. మిక్సీలు మూలపడ్డాయి. పెనం మీద ఇవాళ్టికీ దోసెలు పడుతున్నాయి.

ఇంకోసారి నెల్లూరులో డాక్టరు ఆయన గుండె మీద గొట్టం పెట్టి వింటుంటే, అల్లాబక్షు ఊపిరి బిగబట్టి అడిగాడు.

"ణంగా, డుబ్బా సార్?"

డాక్టరు తెల్లబోయాడు. పక్కనే ఉన్న భార్య ముంతాజ్ బేగం కలగజేసుకుంది. "బాగుందని చెప్పి ఆ గొట్టం జేబులో పెట్టుకోండి సార్. చూసినాడంటే పెనాలకి కావాలని అడుగుతాడు."

ఇలాంటి మనిషి దగ్గరికి శుక్రవారం మధ్యాహ్నం కావస్తుండగా పొరుగింటి అబిగయీలు వచ్చింది. వస్తూనే ఆయన ముందు కూలబడింది.

"మామా, ఆదివారం మా చర్చిలో కోత పండుగ. సండేస్కూలు పిల్లోళ్ళు అరవై మంది. తలా ఒక కప్‌కేకు చెయ్యమని పాస్టరమ్మ నాకు చెప్పింది. ఇయ్యి బాగుంటే క్రిస్మస్‌కి ఊరంతా కేకులు నాయే. లేకుంటే టౌన్లో బేకరీకి చెప్పేస్తారు."

"మంచిదే గదా. ఏడుపెందుకు?"

అబిగయీలు సంచిలోంచి ఆన్‌లైన్లో తెప్పించిన నల్లటి అచ్చు, అందులో కాలిన కేకులు తీసి చూపించింది. అడుగు బొగ్గు, నడుమ పచ్చిపిండి. అల్లాబక్షు కేకు వైపు చూడనైనా లేదు. అచ్చును వేలితో కొట్టాడు. అది 'టిక్' మంది.

"ఇది పెనం కాదు బిడ్డా, బిస్కెట్టు డబ్బా మూత. పల్చటి రేకు తటాలున కాలతాది, తటాలున ఆరతాది. పోత ఇనుము అట్ట కాదు. నిదానంగా ఏడెక్కతాది, ఆ ఏడిని గట్టిగా పట్టుకుంటాది. గుంతల పెనంలో పిండి సగానికి పోసుకో. మూతేసి కింద బొగ్గులు, పైన బొగ్గులు. కేకు పూరీ మాదిరి పొంగకపోతే నన్నడుగు."

"అందుకే గదా మామా నీ కాడికొచ్చింది!"

అప్పుడే గోడ వారగా ఒక పెనం అబిగయీలు కంటబడింది. పన్నెండు గుంతలు. అంచు మందం. అడుగున అరిగిపోయిన ఏవో అక్షరాలు. ఎన్ని చేతులు తోమాయో గానీ ఒక్కొక్క గుంత అద్దంలా నునుపు తేలి ఉంది. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళుగా మామను చూస్తున్నది కదా, తనూ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

ణంగ్! గుడి గంటా చర్చి గంటా కలిసి మోగినట్టు.

అల్లాబక్షు గబగబా వచ్చి పెనం లాక్కున్నాడు. ఒక గుంతలో గోటితో గీకి చూశాడు. గోటికి బూడిద రంగు పొడి అంటింది. తర్వాత కొట్టి విన్నాడు. మళ్ళీ ణంగ్.

"డుబ్బంటా ఉండాది. పనికిరాదు," అన్నాడు.

"అదేంది మామా! ణంగంది గదా!"

"నీ చెవిలో నీళ్ళు పోయుంటాయి. రేపు రా, ఇంకోటి చూస్తా."

"రేపు శనివారం! ఎల్లుండి పండగ!"

"రేపు రమ్మన్నా గదా," అని ఆ పెనాన్ని చంకలో పెట్టుకుని పెరట్లోకి పోయాడు. అక్కణ్నుంచి అటే టోపీ పెట్టుకుని జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు.

అబిగయీలుకు ఒళ్ళు మండిపోయింది. మామ ఎవరికో మాటిచ్చి ఉంటాడు. లేదా మంచి పెనాలన్నీ దాచుకునే పిచ్చి పట్టి ఉంటుంది. ఊళ్ళో అనేవాళ్ళు అంటూనే ఉన్నారు, అల్లాబక్షు మంచి పెనం చూస్తే చాలు మూగదని చెప్పి పెరట్లో పెట్టుకుంటాడని. ఇవాళ తేల్చుకోవాల్సిందే అనుకుని ఆమె నేరుగా పెరట్లోకి నడిచింది.

పెరటి గోడకు పదిహేనో పదహారో గుంతల పెనాలు వరసగా వేలాడుతున్నాయి. ఒకదాన్ని మించి ఒకటి. కానీ అన్నిటికీ అడుగున ఎర్ర రంగు పూసి ఉంది. ఇందాకటి పెనం కింద పడుకోబెట్టి ఉంది. దాని మీద రంగు ఇంకా తడిగానే ఉంది.

"బేగమక్కా, ఏందిది? ఇంత మంచి పెనాలకి ఈ రంగేంది?"

ముంతాజ్ బేగం జవాబు చెప్పేలోపే, మైపాడు నుంచి వచ్చిన జాలరి ముత్యాలయ్య పెరటి గేటు దగ్గర నిలబడి కేకేశాడు. "అమ్మా, ఒక ఎర్ర పెనం ఇస్తావా? వలకి సీసం గుండ్లు పోసుకోవాల." ఆమె ఒకటి తీసిచ్చింది. అతను దాన్ని సైకిలుకు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగాక ఆమె గొంతు తగ్గించింది.

"వల మునగాలంటే సీసం గుండ్లు కావాల గదా. కరిగిచ్చి పొయ్యడానికి గుంతల పెనాన్ని మించింది ఏముండాది? ఎనకట ఇంట్లో పెనమే తీసుకుపోయేవోళ్ళు. సీసం ఇసం బిడ్డా. ఒకసారి కాసినంక ఆ పెనంలో తినేది ఏదీ చెయ్యకూడదు. అందుకే అట్టాంటియి కనబడితే ఈయన తీసుకుని, బదులు మంచిది ఇచ్చి పంపిస్తాడు. వీటికి రంగేసి ఇక్కడ పెట్టినాడు. ఎవరికి కావాలన్నా ఊరికే వాడుకోవచ్చు. ఇంట్లో పెనం జోలికి పోరు గదా."

"మరి నాతో ఆ మాటే చెప్పుండొచ్చు గదా!"

"ఎట్టా చెప్తాడు? నువ్వు కొట్టింది ముత్యాలయ్య ఇంటి పెనం, అరిగినా అడుగున వాళ్ళ పేరుండాది. వాళ్ళావిడ బస్టాండులో పొంగణాలు పోసి అమ్ముతాది. ఆమె పోసేది వేరే పెనంలో, ఈయన ఇచ్చిందే. కానీ ఆ ఇంటి పెనంలో సీసం కాచినారని ఒక్క మాట బయటికొచ్చిందంటే రేప్పొద్దున ఆమె దగ్గర ఒక్కరు తింటారా?"

అబిగయీలు ఆ ఎర్ర పెనాల వరస వైపు మళ్ళీ చూసింది. ఇన్నాళ్ళూ ఊరు నవ్వుకున్న చెవిపిచ్చి చాటున ఈయన దాచింది పెనాల్ని కాదు, పక్కవాళ్ళ పరువును. ఇందాక ఆ పెనం తను పట్టుకుపోయి ఉంటే అరవై మంది పిల్లలు అందులో చేసిన కేకులు తినేవాళ్ళు.

నమాజు నుంచి వచ్చిన అల్లాబక్షు పెరట్లో ఆమెను చూసి తడబడ్డాడు.

"అబద్ధం చెప్పింది కదా మామా నీ చెవి!"

"చెవి చెప్పలా బిడ్డా. నోరు చెప్పింది," అన్నాడాయన తల దించుకుని.

ఆ తర్వాత వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కనున్న తమ సొంత పెనం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన తల్లి చేతి పెనం. ముప్పై ఏళ్ళుగా గడప దాటనిది. రోజూ నిద్ర లేవగానే ఆయన మొదట వినేది దాని గొంతే.

"వొద్దు మామా, ఇది నీ..."

"తీసకపోమ్మా తల్లీ," అంది ముంతాజ్ బేగం చేతులు జోడించి. "రెండ్రోజులైనా పొద్దున ఈ మోత లేకుండా పడుకుంటా."

ఆదివారం కోత పండుగలో కేకులు పిల్లల అరచేతుల్లో బంగారు రంగులో పొంగి కూర్చున్నాయి. పాస్టరమ్మ ఒకటి తిని, రెండోది తింటూ క్రిస్మస్ సంగతి ఎత్తింది. పెనం క్షేమం కనుక్కుందామని వచ్చిన అల్లాబక్షు, లోపలికి రావడానికి మొహమాటపడి గేటు దగ్గరే నిలబడ్డాడు. ఒక పాప పరుగున వెళ్ళి ఆయన చేతిలో కేకు పెట్టింది.

ఆయన దాన్ని వేలి కణుపుతో మెల్లగా కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పిల్లలంతా చుట్టూ మూగారు.

"ఏమంది తాతా?"

అల్లాబక్షు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత కేకు మొత్తం నోట్లో వేసుకుని చెయ్యి చాపాడు.

"సరిగ్గా ఇనబళ్ళా. ఇంకోటి తీసకరా పో."