చేతులు కోసిన కుర్చీ

పోయిన ఆదివారం మా బిడ్డ నన్ను కుర్చీల దుకాణానికి తీసుకపోయింది. ఇంట్ల కూసొనే ఆఫీసు పని చేసే ఉద్యోగం ఆమెది. పొద్దున కంప్యూటర్ ముందర కూసుంటే మళ్ల పొద్దూకినంకనే లేస్తది, ఈ మధ్య లేచేటప్పుడు నడుము పట్టుకొని లేస్తున్నది. డాక్టరు మందుల కన్న ముందు కుర్చీ మార్చుకోమన్నడట. నౌకరి అంతా కూసొని చేసినదానివి నీకే తెలుస్తది రమ్మని నన్ను సైదాబాదులో ఆటో ఎక్కించింది. నాకు పోవాలనీ లేదు, పోవద్దనీ లేదు. నిరుడు మా ఆయన కాలం చేసిన కాడి నుంచి అన్నీ నాకు అట్లనే ఉన్నయి. పిలిస్తే పోతున్న, పెడితే తింటున్న, కండ్ల నీళ్లు మాత్రం ఇప్పటిదాక రాలేదు. చుట్టాలు నన్ను ధైర్యమున్న మనిషి అంటున్నరు. అది ధైర్యం కాదని నాకు తెలుసు, మరి ఏందంటే చెప్పరాదు.

దుకాణంలో ఎన్ని రకాల కుర్చీలని! నడుము వంపు దగ్గర ఉబ్బెత్తుగా ఉండేవి, మెడకు చిన్న దిండు ఉన్నవి, పక్కన మీట నొక్కితే పైకి కిందికి పోయేవి. మా బిడ్డ ఒక్కొక్కదాంట్లో కూసొని చూసి, తర్వాత నన్ను కూసోబెట్టి ఎట్లుందని అడిగేది. నేను అన్నిటికీ బాగనే ఉందన్న. చేతులు లేని ఒకదాంట్ల కూసొని వెనుకకు ఆనుకున్నప్పుడు మాత్రం చేతులు రెండూ ఆనించే చోటు కోసం వాటంతట అవే వెతుక్కున్నయి. అక్కడికెల్లి నా మనసు ఎటో పోయింది, మా బిడ్డ దుకాణంల పనిచేసే పిల్లతో ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు.

మేము అప్పుడు లాల్‌దర్వాజాలో కిరాయికి ఉండేటోళ్లం. ఇంటి ఓనరుకు బర్రెలుండేవి, వాకిలంతా వాటిదే, మా రెండు అర్రలు ఆ వాకిలికి ఒక పక్కన. చుట్టాలు ఎవరొచ్చినా ముక్కు మూసుకునేవాళ్లు, మాకు మాత్రం ఆ వాసన లేకుంటేనే నిద్ర పట్టకపోయేది. మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను అఫ్జల్‌గంజ్ దిక్కు ఒక సర్కారు దఫ్తరులో ఇంగ్లీషు టైపిస్టును. మాది పొడుగు హాలు, ఇద్దరిద్దరం ఎదురుబదురుగా కూసునేవాళ్లం, మిషన్లన్నీ ఒక్కసారి మొదలైతే పక్కన మనిషి దగ్గినా వినపడేది కాదు. కూసోనీకె చెక్క స్టూళ్లు, వాటికి వీపు లేదు. మధ్యాహ్నం దాటేసరికి తుంటి నుంచి మడమ దాక తిమ్మిరి ఎక్కి కాలు నాది కానట్లు ఉండేది. అందరికీ అంతే కాబట్టి ఎవరమూ దాన్నొక బాధ అనుకోలేదు.

నాకు మొదటి కాన్పు నెలలు నిండకముందే అయింది. బాబు. కండ్లు తెరవకుండనే పోయిండు. పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ ఇందుల ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇట్లయితదని చెప్పింది. అయినా మా అత్త నమ్మలేదు. పొద్దంతా గట్ల వంగి కూసుంటే కడుపుల పిల్లగాడు ఎట్ల బతుకుతడు అని ఆమె లోకమంతటికీ చెప్పేది, నాతో మాత్రం ఎప్పుడూ గట్టిగ అనలేదు, పాపం. నేను మళ్ల దఫ్తరుకు పోయిన. వద్దన్నోళ్లున్నరు. ఇంట్ల ఉంటే బర్రెదూడ అరిచినా పసిపిల్ల ఏడ్చినట్టే ఉండేది, హాల్లో అయితే ఆ మిషన్ల లొల్లిలో ఏమీ వినపడకపోయేది, అందుకే పోయిన. ఏం టైపు చేసిన్నో, ఎవరు పలకరించిన్రో ఆ రోజులవి నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఏడువలేదు కూడా. మొద్దుబారిన కాలు తీరుగనే మనిషిని మొత్తం మొద్దుబారి ఉన్న.

కొన్నాళ్లకు మళ్ల నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు, దాచుదామని కాదు, చెప్పాలని తోచలేదు. మా ఆయనకే తెలిసింది, ఎట్ల తెలిసిందో. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగి, "నౌకరి బంద్ జేస్తవా?" అని అడిగిండు.

"చెయ్య," అన్న.

"మంచిది. అయితే ఆ స్టూలు బంద్ జెయ్యాలె," అని మళ్ల అన్నంలో చెయ్యి పెట్టిండు.

ఆ ఆదివారం నన్ను ఉస్మాన్‌గంజ్ వెనుక ఒక గల్లీకి తీసుకపోయిండు. పాత సామాన్ల దుకాణం, సగం సామాను రోడ్డు మీదనే. వచ్చేపోయే మొగోళ్ల నడుమ కుర్చీ మీద కూసొని చూసుకోవాల్నంటే ఆ రోజుల్ల ఆడమనిషికి ఎంత సిగ్గో నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. నాకు ఆ సిగ్గు కూడా రాలేదు. కూసోమంటే కూసున్న, లేవమంటే లేచిన. దుకాణం పెద్దాయన "ఆరామ్ సే బైఠో బేటీ", నిమ్మళంగ కూసో బిడ్డా అని, తుడిచి తుడిచి ఒక్కొక్కటి ముందర పెట్టేటోడు. మా ఆయన ఎదురుంగ ఒక బల్ల జరిపించి, మిషను మీద పెట్టినట్టు చేతులు పెట్టమన్నడు, మోచేతులు ఎక్కడికి వస్తున్నయో చూసిండు, నా నడుముకూ కుర్చీ వీపుకూ నడుమ అరచెయ్యి దూర్చి చూసిండు. చెయ్యి దూరితే ఆ కుర్చీ పక్కకు పెట్టించేటోడు. నడిబజార్ల, అందరి ముందర! "గట్ల అంచుల కూసోకు, మొత్తం ఆనుకో, కాళ్లు నేలకు తగుల్తున్నయా?" ఆయన ఒక్కదినం అన్ని మాటలు మాట్లాడంగ నేను చూడలేదు. ఆఖరుకు కేను అల్లిన టేకు కుర్చీ ఒకటి కుదిరింది. వీపు కొంచెం వంపు తిరిగి ఉండేది, చేతులు వెడల్పుగ ఉండేవి.

మర్నాడు రిక్షాలో దాన్ని దఫ్తరుకు చేర్చినం. హెడ్ క్లర్కు చూసి లేచి నిలబడ్డడు. చెడ్డోడు కాదు, పిల్లలు గల్ల మనిషి. "చేతుల కుర్చీ ఆఫీసర్లకే అమ్మా, నాకే లేదు చూడు," అని తన కుర్చీ చూపించిండు, నిజంగనే దానికి చేతులు లేవు. "నువ్వు ఇంట్లకెల్లి తెచ్చుకున్నవని నాకు తెలుసు, పైనోళ్లకు ఎట్ల చెప్పాలె?" అని కుర్చీని వరండాలో పెట్టించిండు. నేను పోయి స్టూలు మీద కూసున్న. కోపం కూడా రాలేదు.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన. మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి సంచిల రంపం వేసుకొని నా వెంటనే వచ్చిండు. హెడ్ క్లర్కును అడిగిండు, "చేతులు లేకుంటే పర్వాలేదా సార్?" ఆయన సరేనని తల ఊపిండు. మా ఆయన వరండాలో గొంతుకు కూసొని ఆ టేకు చేతులను కొయ్యబట్టిండు. హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగినయి, ఆడోళ్లం అందరం తలుపు కాడికి వచ్చి నిలబడ్డం. ఎంత మంచి కుర్చీ అని ఎవరో అన్నరు. రంపపు పొట్టు ఆయన మోకాళ్ల మీద పడుతుండె. రెండో చెయ్యి తెగి కిందపడ్డంక కోసిన చోట పెచ్చులు నాకు గుచ్చుకోకుండ రేగ్‌మాల్ గరుకు కాగితంతో రుద్ది, బొటనవేలు పెట్టి చూసుకొని, మళ్ల రుద్దిండు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. బాబు పోయినంక అదే మొదటిసారి. కొంగు నోట్ల పెట్టుకున్నా ఆగలేదు. కుర్చీ పాడైందని ఏడుస్తున్ననుకొని హెడ్ క్లర్కు నీళ్లు తెప్పించిండు. మా ఆయన మాత్రం తల ఎత్తకుండ రుద్దుకుంటనే ఉన్నడు, నేను ఏడ్చినంత సేపు ఆ పని అట్లనే సాగింది.

ఆ కుర్చీలోనే నేను ఆ నెలలన్నీ గడిపిన. మా బిడ్డ నిండు నెలలకు పుట్టింది. కుర్చీ వల్లనే అని మా అత్త, కాదని డాక్టరమ్మ. నేను ఇద్దరికీ తల ఊపిన. తర్వాత దఫ్తరులో అందరికీ వీపున్న కుర్చీలొచ్చినయి, మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చినయి. నేను రిటైరై వచ్చేనాడు నా కుర్చీని నా తర్వాత వచ్చే మనిషి కోసం వదిలి వచ్చిన. ఆ మనిషి ఎవరో, కుర్చీ ఏమైందో మళ్ల అడుగలేదు.

మా బిడ్డ ఆఖరుకు ఏదో ఒకటి ఎంచుకుంది. అది డబ్బాలో ముక్కలుగ వచ్చింది, ఆమెనే బిగించుకుంది. సాయంత్రం ఈ ముచ్చటంతా చెప్తే, తన కన్న ముందు ఒక పిల్లగాడు పుట్టి పోయిండని ఆమె ఎరిగిందే, అయినా ఆ సంగతి కాడ నా చెయ్యి పట్టుకుంది, హెడ్ క్లర్కు సంగతికి మాత్రం పడిపడి నవ్వింది. కుర్చీ చేతులకు కూడా హోదా ఉంటదంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. నవ్వనియ్యి, అసొంటిది నమ్మబుద్ధి కాని కాలం వచ్చిందంటే మంచిదే కద.

కానీ ఆ దినాల్లో మా హాల్లో ఎవరి కాలుకు తిమ్మిరెక్కినా, ఎవరు కుంటుకుంట లేచినా అందరికీ కనపడేది. మా బిడ్డతో పొద్దంతా మాట్లాడేటోళ్లు ఎక్కడెక్కడనో ఉంటరు, కొందరి ముఖం ఆమె ఒక్కసారి కూడా ఎదుట చూడలేదు. వాళ్ల తెర మీద ఆమె భుజాల దాకనే కనపడుతది. కింద నడుమున్నదని, అది నొస్తదని వాళ్లకు ఎట్ల తెల్వాలె? ఈ మధ్య మధ్యాహ్నం పూట నేను ఆమె అర్ర ముందు నుంచి పోతూ తలుపు సందుల నుంచి చూస్తున్న. ఇంకా ఏదీ మనసుకు తగుల్తలేదు నాకు, అబద్ధమెందుకు. అయినా ఆగి, మొత్తం ఆనుకొని కూసున్నదా లేదా అని చూసి, అప్పుడు పోతున్న.