హంస కన్ను

ఆసుపత్రిలో పనిచేసినంతకాలం ఆవిడని అందరూ నర్సమ్మ అనే పిలిచారు. రిటైరయ్యాక ఆ పిలుపు మిగిలింది గానీ పనే లేకుండా పోయింది. తెల్లారకుండానే లేచి, ముడి చుట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయి ఆగిపోయేది. ఎక్కడికి వెళ్ళాలని?

ఇంట్లో తోడు వదిన. అన్నయ్య పోయాక నర్సమ్మే పట్టుబట్టి తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ వదిన గుమ్మం దాటలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూసేది. అదీ ఊరికే కళ్ళు తెరుచుకుని ఉండటమే. ఇద్దరి మధ్యా మాటలు "తిన్నావా", "తలుపేశావా" దగ్గరే ఆగిపోయేవి. ఒకప్పుడు వదిన నోరు విప్పితే పక్కవీధికి వినపడేది!

ఆ రోజుల్లోనే డ్రాయింగు మాస్టారు మందుల షాపు దగ్గర తగిలారు. ఊళ్ళో పాత కట్టడాలూ పాత వస్తువులూ పాడైపోకుండా చూసుకోవడానికి పదిమంది కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయన పెద్ద.

"నర్సమ్మగారూ, పాత నాటకశాలలో బొమ్మలేసిన తెర ఉంది కదా, దాని మీద మసి అట్టకట్టింది. దూదితో మెల్లగా తియ్యాలి. కుదురైన చేతులు కావాలి."

"కట్లు కట్టిన చేతులండీ ఇవి. బొమ్మల సంగతి నాకేం తెలుసు?"

"పేషెంటనుకోండి, సరిపోతుంది."

మర్నాడే వెళ్ళింది. తెరని బల్లల మీద పరిచి ఉంచారు. పుల్లకి దూది చుట్టి, తడిపి, పిండి, రుద్దకుండా దొర్లించాలి. అరచెయ్యంత మేర తేటపడేసరికి పూట గడిచిపోయేది. మసి కిందనుంచి నీలం కొలను బయటపడింది, తర్వాత ఒక పడవ. చెయ్యి కాస్త గట్టిగా తగిలితే "ఓర్చుకో తల్లీ, అయిపోయింది" అనేది నర్సమ్మ. పక్కన చిరుగులు కుట్టే టైలరమ్మ పకపకా నవ్వేది. "ఇంజెక్షన్ కూడా ఇస్తారా ఏంటి?"

ఇంటికెళ్ళేసరికి వదిన గొణిగేది. "ఇంట్లో బూజు దులపదు గానీ, ఊరి గుడ్డ తుడుస్తుందట." గొణుగుడైనా మాటే కదా అని నర్సమ్మకి లోపల సంబరం.

ఒక మధ్యాహ్నం కొలను గట్టున తెల్ల హంస తేలింది. తల మీద నల్లటి చుక్క. ఇంకా మసి ఉందనుకుని దూది దొర్లించింది. చుక్క పోయింది. మసి పట్టకముందెప్పుడో మాస్టారు తీసిన తెర ఫొటో వంక చూసింది. అది మసి కాదు. కన్ను.

ఎవరికీ చెప్పలేదు. సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చి, మంచం మీద కూలబడి బావురుమంది. వదిన కుర్చీలోంచి లేచి వచ్చింది.

"ఏమైందే?"

"కన్ను పోగొట్టాను వదినా."

"అమ్మో! ఎవరిదే?"

"హంసది."

వదిన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదలు. ఏడుస్తున్న నర్సమ్మ కూడా ఆపుకోలేక నవ్వేసింది.

"పద, నన్ను తీసుకెళ్ళు. నువ్వు గుడ్డిదాన్ని చేసిన ఆ పిట్టని చూడాలి."

"ఇప్పుడా? నువ్వా?"

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

నాటకశాల మెట్లెక్కేటప్పుడు వదిన నర్సమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల మాస్టారు సంగతంతా విని, తెర ఆవలి అంచుకి తీసుకెళ్ళి చూపించారు. "ఈ మబ్బుకి ఇంకో సగం ఉండాలి. పోయిన నెల నేనే పోగొట్టాను. మీరు ఇంటికి పారిపోయారు, నేను ఇంట్లో రెండు రోజులు అన్నం మానేశాను. అంతే తేడా."

ఇలాంటి పాత చిత్రాలు బాగుచేసే ఆవిడ అప్పుడప్పుడూ వస్తుండేది. ఆ వారం వచ్చి, సన్నటి కుంచెతో మళ్ళీ కన్ను పెట్టింది. "కావాలంటే ఎప్పుడైనా చెరిపేసుకోవచ్చు, అలాంటి రంగే వేశాను" అంది.

"మెల్లగా అనండమ్మా," అంది వదిన, "మా ఆడపడుచు వింటే నిజంగానే చెరిపేస్తుంది."

ఆ రోజునుంచి వదిన రోజూ రావడం మొదలుపెట్టింది. దూది జోలికి పోలేదు. టైలరమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేది, అందరికీ టీ కాచేది, ఎవరు ఆలస్యంగా వచ్చినా నిలదీసేది. ఆవిడ గొంతు పక్కవీధికి వినపడుతోందని బయట పళ్ళ బండివాడు చెప్పాడు.

తెర కట్టిన సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. తెర మెల్లగా దిగుతుంటే కొలనూ, పడవా, గట్టూ ఒక్కటొక్కటే వెలుగులోకి వచ్చాయి. ముందు వరుసలో ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టడం మర్చిపోయి లేచి నిలబడ్డాడు. మాస్టారు పనిచేసిన వాళ్ళని వేదిక మీదకి పిలిచారు. నర్సమ్మ కదలకపోతే వదినే వెనకనుంచి ఒక్క తోపు తోసింది.

ఇంటికి నడిచి వస్తూ ఉన్నట్టుండి వదిన అంది, "మీ అన్నయ్యని నాటకానికి తీసుకెళ్తే ఏం చేసేవాడో తెలుసా? తెర లేచేలోపే గురక."

ఆయన పోయాక వదిన నోట ఆయన మాట రావడం అదే మొదలు. నర్సమ్మ నడక నెమ్మది చేసింది.

"ఒకసారైతే," అంటూ వదిన మొదలుపెట్టింది. ఇల్లు దగ్గరకొచ్చింది. ఇద్దరూ గుమ్మం ముందు ఆగకుండా, వీధి చివరిదాకా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.