రద్దయిన పేపరులో తప్పిన అమ్మాయి

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్లలో పార్థసారథిగారిది అందరికన్నా నెమ్మది నడక. మిగతావాళ్లు చేతి గడియారం చూసుకుంటూ నడుస్తారు. ఆయన ఎదురుగా లేస్తున్న టవర్ల వంక చూస్తూ నడుస్తారు. కంప్యూటర్ల గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆయన్ని అడిగి తెలుసుకున్నవే. అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోరు.

ఆయనది ఏలూరు వైపు ఊరు. ఉద్యోగమంతా ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే. మైక్రోప్రాసెసర్ చెప్పేవారు. యంత్రం లోపల ఒక్కో అంకె ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో చెప్పే పాఠమది. పిల్లలకు ఆ పేపరంటే హడలు, ఆయనకు ప్రాణం.

రాష్ట్రంలోని యూనివర్సిటీలన్నిటికీ కంప్యూటర్ డిగ్రీ సిలబస్ ఒకటే చేయాలని తలపెట్టినప్పుడు ఆయన్ని కన్వీనరుగా వేశారు. ఒకచోట రెండో ఏడు చెప్పేది ఇంకోచోట మూడో ఏడు చెప్పేవారు. కాలేజీ మారిన పిల్లలు చదివిందే చదివేవారు. ఆ బాధ తప్పించాలన్నది ఆయన పట్టుదల. హైటెక్ సిటీ కంపెనీలవాళ్లు కూడా వచ్చి కూర్చుని, కొత్త సబ్జెక్టులు చేర్చమన్నారు. చేర్చాలంటే ఏవో తీసెయ్యాలి. తన సబ్జెక్టు వదలడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

రామ్మోహనరావు అనే ప్రొఫెసరుగారికి నోటి దురుసు. ఆయన నిండు సభలో అన్నాడట: "మా పేపర్లన్నిటికీ కత్తెర వేశారు, బాగుంది. మీ మైక్రోప్రాసెసర్ మాత్రం కొత్తల్లుడిలా కూచుందేమండీ?"

అందరూ నవ్వారు. పార్థసారథిగారూ నవ్వారు. నవ్వుతూనే పెన్ను తీసి తన పేపరు తనే కొట్టేశారు. దాంతో మిగతావాళ్లూ దిగొచ్చారు. నెలల తరబడి నానిన పని వారంలో తెమిలింది.

సిలబస్ మారినప్పుడల్లా ఇంకో ఏర్పాటు చేయాలి. పాత పేపరు తప్పిన పిల్లలు దాని బదులు కొత్తవాటిలో ఏది రాయాలో చెప్పాలి. మైక్రోప్రాసెసర్‌కు దగ్గరగా వచ్చే కొత్త పేపరు ఒక్కటే ఉంది. అదైనా తన పాత పాఠాలు కొన్ని కలిపితేనే సరిపోతుంది. ఆ మాటెత్తితే, తీసేసినదాన్ని దొడ్డిదారిన తెస్తున్నాడంటారని ఆయన నోరెత్తలేదు. పాత పరీక్ష ఇంకొన్నిసార్లు పెడతారు కదా, ఈలోగా అందరూ గట్టెక్కుతారులే అనుకున్నారు.

నార్సింగి అమ్మాయి శ్రావణి గట్టెక్కలేదు. పాత పరీక్ష చివరిసారి పెట్టినప్పుడు డెంగీతో దవాఖానలో ఉంది. మిగతావన్నీ పాసు. ఒక కంపెనీ ఉద్యోగం కూడా ఇచ్చింది, చేరే రోజుకి డిగ్రీ చేతిలో ఉండాలన్నది షరతు. పరీక్షల విభాగానికి వెళ్తే, ఆ పేపరే ఇప్పుడు లేదు, దానికి బదులూ లేదు పొమ్మన్నారు. సిలబస్ మార్చింది ఈయనేనని ఎవరో చెబితే, కంపెనీల క్యాబ్ నడిపే తండ్రి నర్సింలు ఆమెను వెంటబెట్టుకుని పార్థసారథిగారింటికి వచ్చాడు.

"పేపర్ తప్పిందంటరు. రాస్తమంటే గా పేపరే లేదంటరు. గిదేం లెక్క సార్?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

పార్థసారథిగారి భార్య బాలాత్రిపురసుందరిగారు ఇద్దరినీ లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చారు. అమ్మాయి గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

"మీరే తీసేసిన్రా సార్, ఆ పేపరు?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామని.

"నేనేనమ్మా" అన్నారాయన.

మర్నాటి నుంచి ఆయన తిరుగుడు మొదలైంది. బదులు పేపరుకు ఒక్క యూనివర్సిటీ ఒప్పుకుంటే చాలదు, అన్నీ ఒప్పుకోవాలి. ఎవరికి వారు మార్చుకుంటూ పోతే కలిపినదంతా మళ్లీ విడిపోతుందని ఆ నిబంధన పట్టుబట్టి పెట్టించింది కూడా ఆయనే. ముందుగా రామ్మోహనరావు దగ్గరికే వెళ్లారు. ఎంత ఎగతాళి చేస్తాడోనని దారంతా బెంగ. ఆ మనిషి ఈయన రాసుకెళ్లిన కాగితం మొత్తం చదివి మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. కాగితం తిరిగిస్తూ మాత్రం, "ఇది అప్పుడే అడక్కపోయారా? ఒప్పుకునేవాణ్ని కదండీ" అన్నాడు.

నాతో నడుస్తూ ఇదంతా చెబుతున్న పార్థసారథిగారు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

మిగతాచోట్లా ఒప్పుకున్నారు, ఒక్క యూనివర్సిటీ తప్ప. అక్కడ వైస్ ఛాన్సలర్ పదవి ఖాళీ, బోర్డు సమావేశమే జరగదు. కంపెనీ ఒకసారి గడువు పెంచింది. రెండోసారి జవాబు రాయడం మానేసింది. చివరికి ఆ పదవి నిండి, అన్ని ఆమోదాలూ చేతికొచ్చేసరికి శ్రావణి క్లాసువాళ్లు అదే కంపెనీలో కుదురుకుపోయారు.

ఆమోదాలొచ్చిన సంగతి చెబుదామని శ్రావణికి ఫోన్ చేస్తే, డ్యూటీలో ఉన్నానని పెట్టేసింది. ఎక్కడని నర్సింలును కనుక్కుని ఆయనే వెళ్లారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక టవరు, కింది అంతస్తు. వచ్చినవాళ్లకు ఫొటో తీసి, మెడలో వేసుకునే పాసు ఇచ్చే పని. ఈయన వరసలో నిలబడ్డారు. తన వంతు వచ్చింది.

"జర కెమెరా దిక్కు చూడుండ్రి సార్" అని, అప్పుడు పోల్చుకుంది.

పరీక్ష పెడుతున్నారని చెప్పారు. కావాలంటే ఇంటికొచ్చి పాఠం చెబుతానన్నారు. వెనకాల జనం కదులుతున్నారు.

"రాస్త సార్. కానీ ఇగ గా కంపెనీలు నన్ను తీసుకోవు. ఈ ఏటి బ్యాచ్ పిల్లలనే తీసుకుంటరు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని వెనకాయన్ని పిలిచింది.

ఆ పాఠాలు తెలిసినవాళ్లు ఇంకెవరూ దొరక్క ప్రశ్నపత్రం ఆయన చేతే తయారు చేయించారు. సులువుగా ఇచ్చారా అని అడిగాను.

"ఇవ్వాలనిపించిందండీ" అన్నారు. "ఇవ్వలేదు."

అమ్మాయి మంచి మార్కులతో పాసైంది. డిగ్రీ వచ్చింది. ఇప్పటికీ అక్కడే పాసులు ఇస్తోంది. మేం నడిచే దారి మలుపులోంచి ఆ టవరు కనబడుతుంది. అక్కడికొచ్చినప్పుడు మాత్రం పార్థసారథిగారు తల వంచుకుని, అందరిలాగే వేగంగా నడుస్తారు.