చెవులమ్మ కర్రపుల్ల

రోజంతా కూర్చుని ఏమీ వినపడటం లేదని తేల్చుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, తప్పేం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెవులమ్మ మొగుడు కూడా పడీ పడీ నవ్వాడు. కానీ ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేస్తున్న పని అచ్చంగా అదే.

అది రికార్డు ప్లేయర్లు తయారుచేసే చిన్న కార్ఖానా. అందరినీ కలిపినా పద్నాలుగు మందే. అక్కడ తయారయ్యేవి మాత్రం అల్లాటప్పా సరుకు కాదు. ఒక్కో ప్లేయరూ ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. కొనేవాళ్లు నెలల తరబడి ఎదురుచూసి మరీ తీసుకెళతారు. అన్నీ బిగించాక, అట్టపెట్టెలోకి ఎక్కేముందు, ప్రతి ప్లేయరూ చెవులమ్మ బల్లమీదకి రావాల్సిందే. ఆవిడ దానిమీద ఖాళీ రికార్డు పెడుతుంది. ఖాళీ అంటే పాటా మాటా లేకుండా ఉత్త గాడి మాత్రమే చెక్కిన రికార్డు. ముల్లు దానిమీద నడుస్తున్నంతసేపూ స్పీకర్లో ఏమీ రాకూడదు. ఏదైనా వచ్చిందా, అది యంత్రం చేసే చప్పుడే.

ఆవిడ స్పీకరుతో ఆగదు. జానెడు కర్రపుల్ల ఒకటుంది. దాని ఒక కొస ముందుపళ్ల మధ్య బిగించి, రెండో కొస ప్లేయరు చెక్కకి ఆనించి, కళ్లు మూసుకుంటుంది. చెవికందని అదురు కూడా పళ్లలోంచి తలలోకి వచ్చేస్తుంది. "స్పీకరు మొహమాటపడుతుందేమో గానీ పళ్లకి మొహమాటం ఉండదు" అంటుంది. చెవికందనిది కూడా వింటుంది గనకే చెవులమ్మ అన్న పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

ఇంట్లోనూ ఇదే గోల. పైవాటాలో కుళాయి కారితే వాళ్లకంటే ముందు ఈవిడకి తెలుస్తుంది. "నీతో కాపురం చేస్తే మనసులో తిట్టుకోవడానికి కూడా లేదు" అంటాడు మొగుడు. "తిట్టండి, కొంచెం గట్టిగా తిట్టండి, ఏం అడ్డొచ్చింది!" అంటుంది ఆవిడ.

ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆవిడ అన్నయ్య. చిన్నప్పుడు ఆయన మేడ దిగుతుంటే, వంటింట్లో కూర్చుని ఏ మెట్టుమీద ఉన్నాడో చెప్పేసేది. అది గుర్తుపెట్టుకుని, కార్ఖానాలో చెవిపని ఉందనగానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన పని బుష్షులు చెయ్యడం. బుష్షంటే బొటనవేలంత కంచు గొట్టం. రికార్డుని తిప్పే పళ్లెం కింద ఉండే ఉక్కు ఇరుసు దాంట్లోనే తిరుగుతుంది. గొట్టాన్ని లోపల సన్న ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చెయ్యాలి, అంతా చేత్తోనే. ఈ మధ్య కొన్ని నెలలుగా ఆయన రుద్దిన బుష్షులో మొహం చూసుకుని క్రాపు దువ్వుకోవచ్చు. అందుకని తోటివాళ్లు అద్దాలన్న అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే చెల్లెలికి గర్వంగా ఉండేది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా, అమ్మిన ప్లేయర్లు తిరిగి రావడం మొదలైంది. మూడు నెలల్లో ఏడు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: పాట మధ్యలో లోపలెవరో వేలితో కొట్టినట్టు టక్కు టక్కుమంటోంది.

కార్ఖానా యజమానిని అందరూ పెద్దాయన అంటారు. సోమవారం పొద్దున్నే ఆయన చెవులమ్మని పిలిచాడు. పక్కన ఇంజనీరమ్మాయి నిలబడి ఉంది. ఆరు నెలల కిందట చేరిన పిల్ల, అదురు కొలిచే మీటరొకటి తెప్పించింది.

"ఏడింటి మీదా నీ సంతకమే ఉందమ్మా" అన్నాడు పెద్దాయన.

"ఉంది సార్. విన్నాను, ఏమీ లేదు, పెట్టాను."

"మీటరు కూడా ఏమీ లేదంటోంది. కానీ మీటరైతే కొన్నవాడికి చూపించడానికి కాగితమన్నా ఇస్తుంది. నీ చెవిని ఎలా చూపించను చెప్పు? శనివారం దాకా చూడు. లోపమేంటో దొరికితే సరే. దొరక్కపోతే నీ బల్లమీద మీటరు పెడదాం, నువ్వు ప్యాకింగులోకి వెళ్దువుగాని."

ప్యాకింగేమీ తక్కువ పని కాదు. ఆవిడ బెంగ దానిగురించి కాదు. వయసు యాభై మూడు దాటింది. నిజంగా తన చెవే పోయిందా? ఆ భయం ఎవరితో చెప్పుకుంటుంది? ఆ రాత్రి పైవాటా కుళాయి నిజంగానే కారడం లేదా, తనకే వినపడటం లేదా అని రెండుసార్లు మెట్లెక్కి చూసొచ్చింది.

మంగళవారమంతా తిరిగొచ్చిన ప్లేయర్ల ముందే కూర్చుంది. ఒక్కోదానిమీదా ఖాళీ రికార్డు ఒకవైపు పూర్తిగా విన్నది. పళ్లు నొప్పెట్టేదాకా పుల్ల కొరికింది. ఏమీ లేదు. "కొన్నవాళ్లకి ఏమైనా పిచ్చా?" అని గొణుక్కుంది.

బుధవారం మధ్యాహ్నం అన్నం తినడానికి లేచింది. ముల్లు ఎత్తేసింది గానీ, పరధ్యానంలో పళ్లెం ఆపడం మరిచిపోయింది. తినొచ్చి చూస్తే పళ్లెం ఇంకా తిరుగుతోంది. అయ్యో అనుకుంటూ, అలవాటుకొద్దీ పుల్ల పంట పెట్టుకుని చెక్కకి ఆనించింది.

టక్.

ఒక చుట్టు తిరిగింది. మళ్లీ టక్.

"దొరికావే దొంగా!" అని ఆవిడ వేసిన కేకకి ప్యాకింగువాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ కళ్లలో నీళ్లు. చెవి పోలేదు. ఇన్నాళ్లూ ఒకవైపు రికార్డంతసేపు, అంటే ఇరవై నిమిషాలు, విని లేచిపోయేది. మీటరు పదినిమిషాలకే చాలించుకునేది. మళ్లీ మొదటినుంచీ తిప్పి గడియారం చూస్తే, దొంగ నలభై నిమిషాలకి గాని బయటికి రాడని తేలింది.

ఇక ఆవిడకి నిద్ర పట్టలేదు, కానీ ఈసారి భయంతో కాదు. నలభై నిమిషాలే ఎందుకు? ఆపేసి గంటసేపు వదిలేస్తే టక్కు మాయమై, మళ్లీ నలభై నిమిషాలకే ఎందుకొస్తోంది? పిల్లలు కొత్త బొమ్మ విప్పి చూసినట్టు, గురువారమంతా ఒక్కో భాగం మార్చి చూసింది. మోటారు మార్చింది, టక్. బెల్టు మార్చింది, టక్. ఇరుసు కింది ఉక్కు గోళీ మార్చింది, నూనె మార్చింది, టక్ టక్. ఇంజనీరమ్మాయి కూడా మీటరు పక్కన పడేసి, గడియారం పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకీ పురుగు కుట్టింది.

"అక్కా, బుష్షు మార్చలేదు కదా?" అంది చివరికి.

"బుష్షా? అది మా అన్నయ్య చేసింది."

"అయితే?"

"అయితే ఏంటి అయితే! కార్ఖానా మొత్తంలో తప్పు లేని పని అదొక్కటే" అని కసురుకుంది చెవులమ్మ. కసురుకున్నాక మాత్రం ఆ 'అయితే' బుర్రలోంచి పోలేదు.

శుక్రవారం పొద్దున మూత పగిలిన పాత ప్లేయరొకటి రిపేరుకొచ్చింది. పదిహేనేళ్ల కిందటిది, దాంట్లో బుష్షు అన్నయ్య చేతిదే. మూతకోసమొచ్చినదాన్ని ఆవిడ ఇరుసుదాకా విప్పేసింది. బుష్షులోకి టార్చి వేసి చూసింది. మెరుపేమీ లేదు. లోపల వెంట్రుకలకన్నా సన్నని గీతలు, ఆ గీతల నిండా నూనె, తడితడిగా. నలభై నిమిషాలు తిరిగిన కొత్త బుష్షులోకి చూసింది. అద్దం. వేలు పెడితే పొడి.

"నూనె నిలబడాలంటే కాస్త గరుకుండాలి అక్కా" అంది ఇంజనీరమ్మాయి నెమ్మదిగా. "అద్దంలా ఉంటే తిరిగేకొద్దీ జారి కిందికి పోతుంది. తర్వాత లోహానికి లోహం తగులుతుంది. ఆపితే మళ్లీ నూనె ఊరుతుంది. లోపం తక్కువ రుద్దడం కాదు, ఎక్కువ రుద్దడం."

పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికిందన్నమాట! కానీ అన్నయ్య ఎందుకలా రుద్దుతున్నాడు? ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియదా? ఆవిడకి ఆ పని నేర్పించబోయి ఆయనే చెప్పాడొకసారి: "చెయ్యి కాదు, చెవి చెబుతుంది. గరగర సరసరలోకి మారగానే ఆపెయ్యాలి. ఒక్క రుద్దు ఎక్కువైనా పాపమే."

అది గుర్తు రాగానే లేచింది. "నోరు మెదపకు తల్లీ" అని ఆ పిల్లకి చెప్పి, రెండు బుష్షులూ పట్టుకుని అన్నయ్య గదివైపు నడిచింది.

ఆయన గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని రుద్దుతున్నాడు. గరగర. కాసేపటికి సరసర. చెవులమ్మకి స్పష్టంగా వినపడింది. ఆయన ఆపలేదు. రుద్దుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా" అంది.

రుద్దుతూనే ఉన్నాడు.

బల్లమీది పానా తీసి నేలమీదికి వదిలింది. ఖంగుమంది. అన్నయ్య తల తిప్పలేదు.

రెండేళ్లుగా జరిగినవన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. అందరూ నవ్వాక నవ్వడం, మాట్లాడుతుంటే కళ్లలోకి కాకుండా పెదాలవైపు చూడటం, వదిన ప్రతిదానికీ ముందు జవాబివ్వడం. పిలిస్తే పలకలేదని తనే ఎన్నిసార్లు అంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే నీతో మాట్లాడటం అని! అనేసి నవ్వింది కూడా. లోకంలో ఉన్న కుళాయిలన్నీ విన్న చెవి, సొంత అన్నయ్యకి వినపడటం లేదన్న సంగతి వినలేకపోయింది.

ఎదురుగా వెళ్లి నిలబడింది. పెదాలు కదిలేలా నెమ్మదిగా అడిగింది.

"ఎన్నాళ్లయింది?"

ఆయన పని ఆపి చెల్లెల్ని చూశాడు. బుకాయించలేదు.

"కుడిది మూడేళ్లు. ఎడమది కూడా రెండేళ్లుగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు దాదాపు లేనట్టే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెవులమ్మ అన్నకి చెవుడంటే నవ్వరా?" అని తనే నవ్వబోయి ఆగిపోయాడు. "సరసర వినపడటం లేదే. ఎప్పుడాపాలో తెలీదు. తక్కువైతే తప్పు గానీ ఎక్కువైతే తప్పేముందిలే అని, మొహం కనపడేదాకా రుద్దుతున్నా. అందరూ మెచ్చుకున్నారు. ఏం, ఏమైంది?"

ఆవిడ పాత బుష్షూ కొత్త బుష్షూ ఆయన చేతిలో పెట్టింది. నలభై ఏళ్ల పనివాడు, ఇంకొకరు చెప్పాలా? పాతదాన్ని వేలితో తడిమాడు. కొత్తదాన్ని తడిమాడు. శనివారం గడువు సంగతి ఆయనకీ తెలుసు; ఎమరీ కాగితాన్ని పక్కకి నెట్టేశాడు.

శనివారం పెద్దాయన బల్ల దగ్గరికొచ్చి అడిగాడు, "ఏమమ్మా, దొరికిందా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే అన్నయ్య పని పోతుంది. చెప్పకపోతే తన బల్ల పోతుంది. ఇంజనీరమ్మాయి నేల చూపులు చూస్తోంది. చెవులమ్మ కర్రపుల్లని బల్లమీద పెట్టి పెద్దాయనవైపు కొంచెం జరిపింది.

"దొరకలేదు సార్" అంది.

"అబద్ధం!"

గుమ్మం దగ్గర అన్నయ్య. వినలేదు ఆయన, అంత దూరంనుంచి చెల్లెలి పెదాలు చదివాడు. వినపడనివాళ్ల గొంతు పెద్దది కదా, కార్ఖానా అంతా ఆగిపోయింది.

"దొరికింది సార్. తప్పు బుష్షుది, అంటే నాది. నాకు చెవులు పోయాయి. ఆగాల్సిన చోటు వినపడక ఎక్కువ రుద్దాను. దాని బల్ల జోలికి వెళ్లకండి. పంపించేస్తే నన్ను పంపించెయ్యండి."

చెవులమ్మ గిర్రున వెళ్లి, అన్నయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పొద్దుటినుంచీ తిరుగుతూ టక్కుమంటున్న ప్లేయరు ముందు కూర్చోబెట్టింది. ఇరవై రెండేళ్లలో ఎవరికీ ఇవ్వని కర్రపుల్లని చీరకొంగుతో తుడిచి ఆయన పళ్ల మధ్య పెట్టింది. రెండో కొస చెక్కకి ఆనించింది.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇంకో చుట్టు. మళ్లీ లేచాయి.

"తగులుతోందే!" అన్నాడు పుల్ల పంటనుంచి తీసి. "టక్కుమంటోంది! వినపడటం కాదు, తగులుతోంది!"

ఆయన ఇంకెవరికోసమూ ఆగలేదు. పుల్ల పట్టుకుని తన గదికి వెళ్లాడు, వెనక అందరూ. కొత్త బుష్షుని పట్టుకారులో బిగించి, పుల్ల ఒక కొస దానికి ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. గరగర. గరగర. చెవులమ్మ చెవి ఒగ్గింది. సరసరలోకి మారింది. అన్నయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక్క రుద్దు కూడా ఎక్కువ కాలేదు.

ఆ బుష్షు బిగించి గంటన్నర తిప్పారు. పుల్ల అన్నయ్య పళ్ల మధ్యే ఉంది. "ఏమైనా తగులుతోందా?" అని చేత్తో సైగ చేశాడు పెద్దాయన. ఆయన కళ్లు తుడుచుకుంటూ అడ్డంగా తల ఊపాడు. "ఏమీ లేదు సార్. నా చెల్లెలు రోజంతా వినేది ఇదా! ఎంత బాగుంది!"

పెద్దాయన మీటరుకి వేరే బల్ల వేయించాడు. ఇకమీదట ప్రతి ప్లేయరూ గంట తిరిగాకే సంతకమని చెప్పాడు. ఏడు ప్లేయర్లకీ అన్నయ్యే కొత్త బుష్షులు చేసిచ్చాడు, గదిలో ఇంకా అద్దంలా మెరుస్తున్నవాటిని తన చేత్తోనే తీసి అవతల పడేశాడు. తనకోసం ఒక కర్రపుల్ల చెక్కుకున్నాడు. నున్నగా రుద్దబోయి, నవ్వుకుని, గరుగ్గానే వదిలేశాడు.

చెవులమ్మ మాత్రం ఆ రోజునుంచి ఆయన్ని వెనకనుంచి పిలవడం మానేసింది. ఎంత తొందర పనైనా చుట్టూ తిరిగి వెళ్లి, ఎదురుగా నిలబడి, ఆయన తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు "అన్నయ్యా" అంటుంది.