పోతుల కుంట లేని నక్షా

మొగులప్పకు చదువు రాదు. సర్వే కర్ర మీది అంకెలు మాత్రం ఎట్లా తిప్పి చూపించినా చదివేవాడు. వికారాబాద్‌లో ఒక సర్కారీ ఆఫీసులో 1969లో కర్ర పట్టే పనికి చేరాడు. ఆ కాలపు దుర్భిణిలో మనిషి తలకిందులుగా కనబడేవాడు. ఎండలో నిటారుగా నిలబడేది తానైతే, సార్లు చూసేది కాళ్లు పైకున్న మొగులప్పను. ఈ సంగతి చెప్పుకుని ఆయనే ముందు నవ్వేవాడు.

అదే ఏడు నక్షాలు గీసే పనికి బీరయ్య చేరాడు. ఎడమచేతివాటం మనిషి. రాళ్ల నేలను గుర్తుపట్టేందుకు నక్షాలో ఏటవాలు గీతలు గీస్తారు. అందరి గీతలూ కుడికి వాలితే బీరయ్యవి ఎడమకు వాలేవి. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. డబ్బా మొగులప్పది, జొన్నరొట్టెలు ఆయన భార్య భాగమ్మ చేతివి. పదిహేనేళ్లు తిన్న రొట్టె ఎక్కడికి పోతుంది, వంటబట్టే ఉంటుందని మొగులప్ప నమ్మకం.

మొగులప్ప ఊరు తాండూరుకు నాలుగు మైళ్లు. ఊరి పక్కన పోతుల కుంట ఉంది. శివరాత్రి దాటగానే ఎండిపోతుంది గాని, ఎండినా ఊరిని సాకేది అదే. ఇసుకలో మోచేయి లోతు తోడితే నీళ్లు ఊరతాయి. ఆ చెలిమెల చుట్టూ ఆడవాళ్లు వంతులేసుకుని కూర్చుని, కొబ్బరిచిప్పతో బిందె నింపుకుంటారు. అయితే ఆ ఇసుక కింద నీళ్లతో పాటు నాపరాయి కూడా ఉంది. బండల గని పెట్టుకుంటానని ఒక ఆసామి 1984లో సర్కారుకు అర్జీ పెట్టాడు.

సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక సారు ఉపగ్రహం తీసిన ఫోటోలు పట్టుకొచ్చాడు. అందులో పచ్చని చెట్లు ఎర్రగా, నీళ్లు నల్లగా, ఉత్త ఇసుక తెల్లగా పడతాయి. ఫోటోలోని ప్రతి మచ్చా ఏమిటో నేల మీద నిలబడి చెప్పడానికి మనిషి కావాలి. మొగులప్పకు మించినవాడు ఎవడు? నవాబుపేట నుంచి బొంరాస్‌పేట దాకా సారును తిప్పాడు. కొత్త నక్షాలో నీటిచోటుగా పడ్డ జాగాలో ఎవరూ తవ్వకూడదని సర్కారు మాట.

పోతుల కుంట ఫోటోలో తెల్లగా ఉంది, తీసింది నడివేసవిలో మరి. మొగులప్ప సారునూ బీరయ్యనూ చెలిమె దగ్గర కూర్చోబెట్టాడు. భాగమ్మ చిప్పతో నీళ్లు తోడి ఇద్దరికీ పోసింది. సారు తాగి, మూతి తుడుచుకుని, తన చిత్తు కాగితం మీద ఆ చోట నీటికి గుర్తుగా నీలి పెన్సిల్‌తో దిద్దాడు. మొగులప్ప కళ్లారా చూశాడు.

ఊరి పెద్దలు అప్పటికే అర్జీకి అడ్డం చెప్పేందుకు బయల్దేరబోతున్నారు. మొగులప్పే ఆపాడు. "మీరు పోవుడెందుకే? ఆకాశంలకెల్లి తీసిన ఫోటో. అది అబద్ధమాడదు. గీసేది మన బీరయ్యనే," అన్నాడు. ఊరు ఆయన మాట మీద కూర్చుంది.

అడ్డం చెప్పే గడువు దాటాక నక్షా ఆఫీసు గోడకెక్కింది. మొగులప్ప రైలు పట్టా మీద వేలు పెట్టి, తాండూరు దాటి, వాగు వెంట తన ఊరికి వచ్చాడు. కుంట ఉండాల్సిన చోట నీలం లేదు. రాళ్ల నేల గీతలున్నాయి, ఎడమకు వాలి ఉన్నాయి. అంతే, ఇంకెవరూ చదివి చెప్పనక్కరలేకపోయింది. తన రొట్టె తిన్న చేతే తన ఊరి గొంతు మీద గీత గీసింది.

బీరయ్యను అడిగాడు. బీరయ్య తల ఎత్తలేదు. "ఫోటోల తెల్లగనే ఉండె గదా మొగులన్నా. ఉన్నదున్నట్టు గీసిన."

"చెలిమెల నీళ్లు నువ్వు గూడ తాగితివి గద," అన్నాడు మొగులప్ప.

ఆ మాటకు జవాబు ఆరు నెలలకు వికారాబాద్‌లోనే కనబడింది. బీరయ్య కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పిలిస్తే మొగులప్ప గడప దాకా వెళ్లాడు. ఇల్లంతా నీలపు నాపబండలు, అద్దంలా మెరుస్తున్నాయి. లారీలో బండలు దింపింది గని ఆసామేనని పక్కింటివాళ్లే చెప్పారు. బీరయ్య ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చింది. వెళ్లిన ఇంట మంచినీళ్లు కాదనడం ఆయన ఎరగడు. ఆ రోజు కాదని వెనక్కి తిరిగాడు.

కుంటను గనికి తవ్వేశారు. ఆ వేసవి నుంచి భాగమ్మ మూడు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చేది. దారిలో ఆడవాళ్లు అనే మాటలన్నీ ఆమే పడేది. ఒకనాడు బిందె దించి, "ఫోటో అబద్ధమాడదంటివి గద," అంది.

"ఫోటో ఆడలే," అన్నాడు మొగులప్ప. "ఊరిని కూసోబెట్టింది నేను."

1988లో కొత్త ఫోటోలు, కొత్త సారూ వచ్చారు. పోతుల కుంట చోట ఈసారి నల్లని మచ్చ పడింది. గని తవ్వి వదిలేసిన గుంతలో వాన నీళ్లు నిలిచాయి. నిట్టనిలువుగా కోసిన గోడలు, దిగే దారి లేదు. నీళ్లు చూడటానికే గాని బిందెకు అందవు.

సారు సంతోషపడ్డాడు. పాత నక్షాలో చెరువు వదిలేశారని, దాని పేరేమిటని మొగులప్పను అడిగాడు. నీలం సిరా కలంలో నింపుకుని బీరయ్య బల్ల దగ్గర సిద్ధంగా ఉన్నాడు. పోతుల కుంట అని చెబుతాడనే అనుకున్నాడు.

మొగులప్ప కర్రను గోడకు ఆనించి, బీరయ్య మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"గది చెరువు గాదు సారూ. బీరయ్య ఇంటి బండలు తీసిన గుంత. గట్లనే రాయమనుండ్రి."